జానెడు టైటస్

మా మనవరాలు గ్లోరియా బళ్లారిలో పళ్లు చేస్తుంది. పీకడం కాదు, చేయడం. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపితే, ల్యాబులో కూర్చొని, మిగిలిన పళ్ల రంగుకు సరిపోయేలా రంగు కలిపి, సన్నని కుంచెతో పూసి కొత్త పన్ను తయారు చేస్తుంది. ఒకరి పళ్లు ఎంత పచ్చగా ఉంటే కొత్తదాన్నీ అంత పచ్చగా చేయడం కూడా ఒక చదువేనని ఈ వయసులో తెలుసుకున్నాను. మా కాలంలో పళ్లు పోతే పోయేవి. మా అత్తగారు ఉత్త చిగుళ్లతోనే ఉడికించిన చెనిక్కాయలు గంపెడు తినేది. సరే, ఆవిడ సంగతి ఎత్తుకుంటే ఈ కథ ముందుకు పోదు.

శనివారం అయిందంటే గ్లోరియా బస్సెక్కి తారానగర్‌లో మా ఇంటికి వచ్చేస్తుంది. వెనక గదిలో దానికొక బల్ల ఉంది. ఆ బల్ల మీద జరిగేది దాని సొంత పిచ్చి. ప్లాస్టిక్ మనుషులను ముక్కలు ముక్కలుగా డబ్బాలో తెప్పించుకుంటుంది. కోసి, అరగదీసి, అతికించి, ఆరితే గట్టిపడే ముద్ద ఒకటి ఉంటే దాంతో ముక్కూ చెవులూ మార్చి, ఒక మనిషిని ఇంకొక మనిషిగా చేసి రంగులు వేస్తుంది.

ఈసారి డబ్బాలోంచి ఒక జానెడు దొర బయటపడ్డాడు. కాళ్లకు బూట్లు, నెత్తిన టోపీ, చేతిలో పానా.

"అవ్వా, ఈ దొరను తాతను చేస్తాండా," అంది.

తాత అంటే మా ఆయన టైటస్. సండూరు కొండల్లోంచి ఇనుప రాయి లారీ తోలి తోలి ముసలివాడయ్యాడు. డెబ్బై ఏళ్లు నిండుతున్నాయని ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. చర్చి అయ్యగారు ప్రార్థన చేశాక బొమ్మను తాత చేతిలో పెట్టాలని దాని ఆశ. ఎందుకంటే ఆయన లారీ తోలిన కాలం ఫొటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. "దుమ్ము గుడ్డలతో ఫొటో ఏందే?" అని ఎప్పుడూ కెమెరా ముందు నిలబడలేదు. గోడ మీద ఉన్నది పెళ్లప్పటి ఫొటో. అందులో కోటు స్టూడియోవాళ్లది. భుజాల దగ్గర ఇంకొక మనిషి పట్టేంత ఖాళీ ఉంటుంది.

"దుమ్ముతో చేస్తే మీ తాతకు కోపం రాదా?" అని అడిగాను.

"దుమ్ము లేకపోతే తాత యాడయితాడవ్వా? బ్యాంకు మేనేజరు అయితాడు. తాత చూసి, ఇది నేనే అనాల. అది సాకు నాకు, అంతే చాలు."

బొమ్మను కోడిపిల్లలను కమ్మే బుట్ట కింద దాచేది. "తాతా, ఈడ ఒకరి పళ్ల సెట్టు ఉండాది, బుట్ట ఎత్తొద్దు," అని చెప్పింది. పరాయి పళ్లంటే మా ఆయనకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ గది గుమ్మం కూడా తొక్కలేదు.

ఇక దొర పని పట్టుకుంది. టోపీ చెక్కేసింది. బూట్లు అరగదీస్తే కింద పాదాలు వచ్చాయి, వాటికి ప్లాస్టిక్ రేకు కత్తిరించి హవాయి చెప్పులు తొడిగింది. పలచని కాగితం జిగురులో ముంచి లుంగీ చుట్టింది. దాని మీద నీలం గళ్లు గీసేటప్పుడు ఊపిరి బిగబట్టేది. పక్కన కూర్చొని నేనూ బిగబట్టేదాన్ని, నాకేం పనో.

"పొట్ట పెద్దదయిందే," అన్నాను ఒకరోజు.

"తాత పొట్ట ఇంతే కదవ్వా?"

"ఇది కూర్చొని తిన్న పొట్ట. అప్పుడు యాడిది? వీపుకు అంటుకొనుండె."

పొట్ట గీకేసింది. ముఖానికి మొదట వేసిన రంగు ఇటుకలా ఉంది, తర్వాత వేసింది బెల్లంలా ఉంది. వేయించిన చెనిక్కాయ తోలు తెచ్చి చూపించాను. అదీ మా ఆయన రంగు.

చివరకు దుమ్ము మిగిలింది. గ్లోరియా సంచిలోంచి ఎర్రపొడి ఉన్న చిన్న సీసా తీసింది. బొమ్మల మీద చల్లడానికి అంగట్లో అమ్ముతారట.

"దుడ్డు పెట్టి దుమ్ము కొంటివా! తారానగర్‌లో ఉండి!" నవ్వలేక పొట్ట పట్టుకున్నాను. పక్కింటి దురుగమ్మ వచ్చి, సంగతి విని, అరుగు మీద కూలబడి నవ్వింది. ఆ పొడి కూడా మన దుమ్ములా లేదు, ఉత్త మట్టిలా ఉంది. మన దుమ్ములో సన్నని మెరుపు ఉంటుంది. సరే, ఇంటి దుమ్మే పోగుచేద్దామని చెంచా పట్టుకొని బయలుదేరితే, బీరువా మీద లేదు, కిటికీల దగ్గర లేదు. ఉదయం సాయంత్రం తుడిచి తుడిచి నేనే లేకుండా చేశాను. ఆఖరుకు అటక మీద ఆయన పాత పానాల సంచి దులిపితే కొంచెం రాలింది.

ఎక్కడ ఎంత వేయాలో నేను చెప్పాను. కుడి చెయ్యి కిటికీలో పెట్టుకొని తోలేవాడు కాబట్టి ఖాకీ చొక్కాకు కుడి చెయ్యే ఎక్కువ ఎర్ర. మెడ వెనక, చెవుల మీద, చెప్పుల పట్టీల మధ్య. ఎడమ భుజం మీద తువ్వాలు తీస్తే దాని కింద శుభ్రం. ఆ చొక్కాలు ఉతికిన చేతులు ఇంకా నావే కదా.

కూడిక శనివారం సాయంత్రం. ఆ వారం గ్లోరియా ఒకరోజు ముందే వచ్చింది. శుక్రవారం పొద్దుగూకేవేళకు మీసం వేసి, దుమ్ము అద్ది, పక్కన లారీ టైరు పెట్టి దాని మీద ఒక కాలు ఆనించింది. ఇప్పుడే నోరు తెరిచి నీళ్లడుగుతాడేమో అన్నట్టు ఉన్నాడు. దుమ్ము కదలకుండా పైన కొట్టే మందు తెల్లారి కొడతానని బుట్ట బోర్లించి పడుకుంది.

తెల్లవారాక బుట్ట ఎత్తి కేక పెట్టింది.

బొమ్మ తళతళలాడుతోంది. దుమ్ము పేరుకైనా లేదు. మీసం సగం ఉంది, సగం లేదు.

"అవ్వా! తుడిస్తివా?"

దాని తప్పు లేదు. నా నడుముకు ఎప్పుడూ గుడ్డ వేలాడుతూ ఉంటుంది. ఒట్టు పెట్టకూడదు కాబట్టి పెట్టలేదు గానీ, నేను కాదని ఎంత చెప్పినా నమ్మలేదు.

టిఫిన్ దగ్గర మా ఆయన ప్రార్థన చేశాడు. మామూలుగా ఆయన ప్రార్థన మొదలుపెడితే సంఘమంతా తిరిగి, రోగులను పలకరించి, వానలు అడిగి, పరదేశాలు పోయి వచ్చేలోపు ఉప్మా గట్టిపడుతుంది. ఆ రోజు రెండు మాటల్లో ఆమేన్ అన్నాడు. పైగా జోడించిన చేతుల్లోంచి డీజిల్ వాసన. లారీ ఉన్నప్పుడు పొద్దున్నే డీజిల్ గుడ్డతో దాన్ని తుడిచేవాడు. లారీ పోయినా గుడ్డ పోలేదు. కిటికీ ఊచలు, స్కూటరు, తలుపు గొళ్లెం, అన్నీ దాంతోనే.

"ఏమయ్యా, చేతులకు డీజిల్ ఏంది?" అన్నాను.

ఆయన ఉప్మాలో కరివేపాకు వెతకడం మొదలుపెట్టాడు.

గ్లోరియా ముఖం చిన్నబోయింది. "తాతకు నచ్చలేదవ్వా. దుమ్ముతో చేయడమే నా తప్పు. తాతను నలుగురిలో అట్ల నిలబెట్టేకి పోతి. ఇస్త్రీ చొక్కా రంగు వేస్తాలే," అని కళ్లు తుడుచుకుంది.

"ఎవరే చెప్పింది నచ్చలేదని?" మా ఆయన పళ్లెం పక్కకు నెట్టాడు. "పొద్దున లేస్తే పిల్లి బుట్టను దొర్లించుండె. ఆ పళ్లను కప్పుదామని కండ్లు మూసుకొని పోతి. తెరిస్తే పళ్లు లేవు. నేను నిలబడుండా!"

"నువ్వే అని యెట్ల తెలిసె తాతా?"

"నన్ను నాకు తెలీదా? ఎడమ భుజం వంచుకొని, టైరు మీద కాలు పెట్టుకొని... లుంగీ అంత పైకి ఎవుడు కడతాడే ఈ ఊర్లో?"

"మళ్ల ఎందుకు తుడిస్తివయ్యా?" అన్నాను నేను.

"కిటికీ తెరిచుండె. ఇంటి దుమ్మంతా పాప పని మీద పడిందనుకొంటి. లేసి చూస్తే ఏడుస్తాదని తుడిచినా. తుడుస్తాంటే మీసం గుడ్డకొచ్చె. భయమై బుట్ట బోర్లించి పోయి పండుకొంటి."

గ్లోరియా ఏడుస్తూనే నవ్వడం మొదలుపెట్టింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఆయన ముఖం చూస్తే జాలేసింది. తప్పు చేసిన పిల్లవాడిలా రెండు చేతులూ లుంగీ కింద దాచుకున్నాడు.

"అయితే దుమ్ము ఉండాలా, వద్దా?" అని అడిగింది అది.

"ఉండాల."

"ఫొటోకు వద్దంటివి కదా?"

"కెమెరావాడికి నేనెవరే? ఒక్క చిటికెలో తీసి పోతాడు. నువ్వు వారం వారం వచ్చి, నా చెప్పులు కూడా చేస్తివి," అన్నాడు. తర్వాత గొంతు సవరించుకొని, "మీసం మాత్రం ఇంకొంచెం మందం బేకు, ఇది చాలదు," అన్నాడు.

సాయంత్రానికి బొమ్మ సిద్ధం కావాలి. మీసం సరే, దుమ్ము ఏది? సంచి దుమ్ము అయిపోయింది. అప్పుడు మా ఆయన లేచి పెరట్లోకి పోయి తన పాత లారీ సీటు ఈడ్చుకొచ్చాడు. దాని మీద కూర్చొనే రోజూ పేపరు చూస్తాడు. చిరిగి, పీచు బయటికొచ్చి ఉంటుంది. పారేయమని నేను అనని పండగ లేదు. పేపరు పరిచి, సీటును దాని మీద బోర్లించి కర్రతో ఒక్కటి కొట్టాడు. ఎర్రని మబ్బు లేచింది. ఆ మబ్బులో ఆయన దగ్గుతూ, "చూడే, పారేయమంటివి!" అని నా వైపు గెలిచినవాడిలా చూశాడు.

కూడికకు కుర్చీలు వేయడానికి జంబన్న అప్పుడే వచ్చాడు. ఒకప్పుడు మా ఆయన లారీకి క్లీనరు. బొమ్మను చూసి అక్కడే ఆగిపోయి, "డ్రైవరప్పా, నువ్వీడ, నేను యాడ?" అన్నాడు.

"నువ్వు లారీ కింద నిద్రపోతాండావు. కనపడవు," అన్నాడు మా ఆయన.

గ్లోరియా తాతను కిటికీ దగ్గర నిలబెట్టి, చూస్తూ బొమ్మ మీసం దిద్దింది. "కదలొద్దు తాతా" అంటే ఊపిరి కూడా తీయలేదు. దుమ్ము దగ్గర మళ్లీ తగాదా. ఎడమ చెయ్యి కూడా ఎర్రగా ఉండేదని ఆయన, కుడిదేనని నేను. జంబన్నను అడిగితే ఇద్దరి ముఖాలూ చూసి, కుర్చీలు లెక్క చూసుకోవాలని పారిపోయాడు. గ్లోరియా నా మాటే విన్నది.

సాయంత్రం అయ్యగారు ప్రార్థన చేశారు, పాట పాడాం, కేకు కోశాం. గ్లోరియా బొమ్మను తాత చేతిలో పెట్టింది. పొద్దుటినుంచి చూస్తున్న బొమ్మే. అయినా ఆయన రెండు అరచేతుల్లో పట్టుకొని లేచి నిలబడి, "ఇది నేనే," అన్నాడు అందరికీ వినపడేట్టు. గ్లోరియా నా భుజం వెనక ముఖం దాచుకుంది.

బొమ్మ చేతులు మారుతూ దురుగమ్మ దగ్గరకు చేరింది. "అయ్యో, ఎంత చక్కని బొమ్మ! దుమ్ము పట్టిపోయిందే!" అంటూ ఆమె కొంగు ఎత్తింది.

"తుడవొద్దు!" అని ఇల్లంతా ఒక్కసారే అరిచింది. అయ్యగారి గొంతు కూడా అందులో ఉంది. అందరికంటే పెద్దగా అరిచింది మా ఆయనే.

ఇప్పుడు బొమ్మ గాజు పెట్టెలో, కోటు ఫొటో కింద ఉంది. పొద్దున్నే ఆయన గుడ్డ తీసుకొని పెట్టె అద్దాలు తుడుస్తాడు. డీజిల్ వద్దన్నాం, ఉత్త నీళ్లే. సీటును పారేయమని నేను అనడం మానేశాను. గ్లోరియా ఇప్పుడు ఇంకొక దొరను తెప్పించింది. జంబన్ననట. లారీ కింద పడుకోబెడుతుందట. వాడి ఒంటి నిండా దుమ్మే కదా, సీటు దుమ్ము చాలా బేకాగుతుంది.