ఎముకల గిన్నె

పుట్టగొడుగుల్ని కడిగితే నీళ్ళు పీల్చుకుంటాయి. పెనం మీద వేగకుండా ఉడికి జావైపోతాయి. అందుకని వంటక్క తడిగుడ్డతో ఒక్కొక్కదాన్నే తుడుస్తోంది. మూడు గంపల్లో రెండు అయిపోయాయి, టైము ఏడున్నర. క్యాంటీన్ వెనక గదిలో ఎత్తు పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. మోకాళ్ళు మడవడం మానేసి నాలుగేళ్ళయింది. కిటికీ అవతల ఇనుప ఫౌండ్రీ చిమ్నీ పొగ వదులుతోంది. పన్నెండున్నరకు సైరన్ మోగగానే నూట నలభై మంది చేతులు కడుక్కుని వరసలో నిలబడతారు. ఇనుము కరిగించి అచ్చుల్లో పోసేవాళ్ళు. వాళ్ళ ఆకలి మామూలు ఆకలి కాదు.

ఇవాళ బుధవారం. మాంసం కొట్టుకు బుధవారం సెలవు కాబట్టి ఆ ఒక్కరోజు క్యాంటీన్లో కూరగాయలే. ఆ నియమం వంటక్క పెట్టింది కాదు. ఆవిడకు మాంసమంటే పడదని కూడా కాదు. ఎదురుగా ఉంటే రెండు ముక్కలు ఎక్కువే తింటుంది. చేరిన కొత్తలో బుధవారం వస్తోందంటే ఏడుపొచ్చేది. "మేత వేళయిందా అక్కా?" అని వరసలోంచి ఎవడో ఒకడు అరిచేవాడు, మిగతావాళ్ళు ఇకిలించేవాళ్ళు. పళ్ళాలు సగం సగం తిరిగొచ్చేవి.

ఎంగిలి పళ్ళాలు చూడటం ఆవిడ అలవాటు. వడ్డన అయిపోగానే గిన్నెలు తోమే కిటికీ దగ్గర నిలబడి, వచ్చే పళ్ళేన్నల్లా ఓ చూపు చూస్తుంది. మొహమాటానికి మనిషి బాగుందనే అంటాడు, పళ్ళేనికి ఆ బాధ లేదు. వంట ఆవిడకు ఎవరూ నేర్పలేదు. ముప్ఫై రెండేళ్ళుగా ఎంగిలి పళ్ళాలు చూసి నేర్చుకున్నదే.

ఎనిమిదింటికి స్టోరు గుమాస్తా తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, మేనేజరుగారు అడగమన్నారు. పక్క వీధి నుంచి కోళ్ళు తెప్పించమంటావా? ఇవాళ మేస్త్రీ సెండాఫ్ కదా. పులిని పిలిచి ఆకులలములు పెడితే ఏం బాగుంటుంది?"

"వద్దు."

"చివరి భోజనం కదక్కా..."

"చివరిది కాకూడదనే నా తిప్పలు. వెళ్ళు బాబూ, నీకు పుణ్యముంటుంది."

గుమాస్తా వెళ్ళిపోయాడు. వంటక్క మూడో గంప ముందుకు లాక్కుంది.

పులి మేస్త్రీ అంటే కొలిమి మేస్త్రీ. వంటక్కకు బావ, అక్క మొగుడు. ముప్ఫై నాలుగేళ్ళు కొలిమి దగ్గర నిలబడ్డ మనిషి. మాంసం లేనిదే ముద్ద దిగదని ఫౌండ్రీ మొత్తం ఆయనకు ఆ పేరు పెట్టింది, ఆయన కూడా మురిసిపోయి ఒప్పుకున్నాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ఇనుప పుల్ల ఉంటుంది. జానెడు పొడవు, కొస కొంచెం వంచి ఉంటుంది. ఎముకలోంచి మూలుగ లాక్కోవడానికి ఫౌండ్రీలో చేరిన మొదటి నెల్లోనే తన చేత్తో కొట్టి చేసుకున్నాడు. జేబులో రాసుకుని రాసుకుని అది వెండిలా మెరుస్తుంది. దాని మూలంగా చిరిగిన జేబులకు అక్క ఎన్ని మాసికలు వేసిందో లెక్కలేదు.

వంటక్క మొగుడు లారీ తోలేవాడు. ఒక వానాకాలం లారీ వచ్చింది గానీ అతను రాలేదు. అప్పుడు ఆవిడకు ఇరవై నాలుగు. ఈ క్యాంటీన్లో పని ఇప్పించిందీ, పక్క వాటా అద్దెకు కుదిర్చిందీ బావే. ఆయనకూ అక్కకూ పిల్లల్లేరు. రెండేళ్ళ కిందట అక్క పోయింది. నిరుడు బావ కొలిమి దగ్గరే ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. ఆరు నెలలు తిరక్కుండా మళ్ళీ. రెండోసారి డాక్టరు మేస్త్రీతో మాట్లాడలేదు, వంటక్కను పక్కకు పిలిచాడు. మాంసం, కొవ్వు మానాలి, ఉప్పు తగ్గించాలి, మూడోసారి వస్తే నా చేతిలో ఏమీ ఉండదమ్మా అన్నాడు. బావ విని నవ్వాడు. "గడ్డి తిని వందేళ్ళు బతికి ఏం చెయ్యాలి పిల్లా?" అన్నాడు. యాభై ఆరేళ్ళొచ్చినా ఆవిడ ఆయనకు పిల్లే.

మామూలు రోజుల్లో ఆవిడ ఆయన పళ్ళెంలో ముక్కలు తగ్గించి వడ్డించేది. ఆయన పక్కవాళ్ళ పళ్ళాల్లోంచి ఎముకలు అడిగి తీసుకునేవాడు. బుధవారం క్యాంటీన్ గడప తొక్కేవాడే కాదు. గేటు ఎదురుగా మెస్సులో తినొచ్చేవాడు.

ఒకసారి ఆవిడ తప్పు చేసింది. మీల్‌మేకర్ ఉండలు నానబెట్టి, నీళ్ళు పిండేసి, మసాలాలో వేయించి, మాంసమని చెప్పి పెట్టింది. ఆయన రెండు తిన్నాడు. మూడోది నోటిదాకా వెళ్ళి ఆగింది. దాన్ని పళ్ళెంలో పెట్టి, "పిల్లా, గడ్డి పెడితే గడ్డి అని చెప్పి పెట్టు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. రెండు నెలలు ఆయన ఆవిడ వడ్డించే వరసలో నిలబడలేదు. ఆ రెండు నెలలూ ఆవిడకు తిన్నది ఒంటపట్టలేదు. అప్పుడే ఒట్టు పెట్టుకుంది, ఇంకెప్పుడూ ఒకటి చూపించి ఇంకొకటి తినిపించకూడదని.

ఆ దిగులులో ఉండగానే ఒక బుధవారం కిటికీ దగ్గర నిలబడి ఒక సంగతి గమనించింది. ప్రతి బల్ల మీదా ఒక స్టీలు గిన్నె ఉంటుంది, ఎముకలు పడెయ్యడానికి. బుధవారాల్లో కూడా ఎవరూ తియ్యరు. తింటూ తింటూ మనుషుల చేతులు ఆ గిన్నె దాకా వెళ్ళి, వెయ్యడానికేమీ లేక వెనక్కి వస్తున్నాయి. ఒకరిద్దరివి కాదు, అందరివీ. వీళ్ళకు కావలసింది రుచి ఒక్కటే కాదని అప్పుడు తట్టింది. పంటికి పని కావాలి. కొరకాలి, చీకాలి, పిప్పి పడెయ్యాలి. అది లేకపోతే ఎంత తిన్నా తిన్నట్టుండదు. ఆ పై బుధవారం నుంచి కూరలో మొక్కజొన్న పొత్తులు రెండంగుళాల ముక్కలుగా కొట్టి వేస్తోంది. ఆరు నెలలైంది. గిన్నెల్లోంచి గింజలు తినేసిన బెండ్లు పొంగి పొర్లుతున్నాయి. మేత మాట ఎత్తినవాడు లేడు. కానీ ఎవరికోసం కనిపెట్టిందో ఆయన మాత్రం బుధవారం బల్ల దగ్గర కూర్చోలేదు.

ఇవాళ కూర్చోక తప్పదు. మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోతున్నాడు. కంపెనీ గడువుకు రెండేళ్ళ ముందే రిటైర్మెంటు ఇచ్చేసింది. ఊరికే కూర్చోలేనని, నాలుగు గంటల ప్రయాణం దూరంలో ఒక విత్తనాల గిడ్డంగికి కాపలా ఒప్పుకున్నాడు. ఒక గది, ఒక స్టవ్వు ఇస్తారట. గిడ్డంగి పక్కన మాంసం మెస్సు ఉందని ఆయనే సంబరంగా చెప్పాడు. వెంట వెళ్ళి వండిపెట్టే మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే తను ఏమనేదో వంటక్కకు తెలియదు. భయం మాత్రం ఉంది. ఆ మెస్సులో మూడు నెలలు తింటే చాలు.

పదింటికి నాలుగు పెనాలు పొయ్యిలెక్కాయి. గిన్నెలు తోమే ఆవిడ పొత్తులు పట్టుకుంటే వంటక్క పెద్ద కత్తి పెట్టి, రోకలితో వెనక కొట్టి ముక్కలు చేసింది. కాలిన పెనం మీద పుట్టగొడుగుల్ని నూనె లేకుండా, ఒకదానికొకటి తగలకుండా పరిచింది. అవి నీళ్ళు వదిలి, ఆ నీళ్ళు ఇగిరి, అడుగు ఎర్రబడేదాకా గరిటె ముట్టుకోలేదు. ఉల్లిపాయలు దాదాపు నల్లబడేదాకా వేయించింది. రాత్రి నానబెట్టిన చిక్కుడు గింజలు, తొక్కతో సహా బంగాళాదుంపలు, టమాటాలు, వెల్లుల్లి, మిరియాలు, అన్నీ గంగాళంలో పడ్డాయి. పొత్తుల ముక్కలు చివర్న. ఉప్పు గుప్పిట్లోకి తీసుకుని, సగం డబ్బాలో వెనక్కి పోసేసింది.

సైరన్ మోగింది.

మేస్త్రీని మధ్య బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. జేబులో ఇనుప పుల్ల కొస మెరుస్తోంది. చిక్కిపోయాడు, చొక్కా మెడ దగ్గర వదులుగా ఉంది. అందరి తరఫునా ఫ్లాస్కు బహుమతిగా ఇచ్చారు. మేనేజరు నాలుగు ముక్కలు మాట్లాడాడు. వంటక్క పళ్ళెం తనే పట్టుకొచ్చింది. 

"బావా, ఇందులో మాంసం లేదు. ముందే చెబుతున్నా."

హాల్లో గొంతులు తగ్గాయి. మేస్త్రీ పళ్ళెం వంక, ఎముకల గిన్నె వంక చూశాడు.

"మరి ఈ గిన్నె ఎందుకే? వెక్కిరించడానికా?"

"తిని చెప్పు."

నూట నలభై మంది ఎదుట ఆయన లేచి గేటు దాటి మెస్సుకు వెళ్ళినా వెళ్తాడు. అలాంటి మనిషే. అలా వెళ్తే రేపటి నుంచి ఈ హాల్లో తను తలెత్తుకోలేదు. అది పోనీ. ఇవాళ తినకపోతే అక్కడ ఒంటరిగా ఈ తిండి అసలు ముట్టడు. వంటక్క గరిటె పట్టుకుని పక్క బల్ల వాళ్ళకు వడ్డిస్తున్నట్టు నిలబడింది, కానీ వాళ్ళకు వడ్డించడం అయిపోయి చాలాసేపయింది.

మేస్త్రీ ఒక పుట్టగొడుగు నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఇంకొకటి వేసుకున్నాడు. అన్నం కలిపాడు. తర్వాత పొత్తు ముక్క తీసి అటూ ఇటూ తిప్పి చూసి, కొరికి, చుట్టూ గింజలు పళ్ళతో గీకి, బెండు చీకాడు. లోపల పులుసు పీల్చుకుని ఉంది. అలవాటుగా ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళింది. ఇనుప పుల్లతో బెండు మధ్య మెత్తటి భాగం పొడిచి లాగి, నోట్లో పెట్టుకున్నాడు.

"దీంట్లోనూ మూలుగ ఉందే!" అన్నాడు.

హాలంతా గొల్లున నవ్వింది. బెండు గిన్నెలో టంగుమని పడింది. చెయ్యి మళ్ళీ పళ్ళెంలోకి వెళ్ళింది. వంటక్క మొహం తిప్పుకుని గంగాళం దగ్గరికి వెళ్ళిపోయింది. ఒకటికి రెండుసార్లు కళ్ళు తుడుచుకుంది, ఉల్లిపాయలు తరిగింది పొద్దున్నే అయినా.

కాసేపటికి మేస్త్రీ పళ్ళెం పట్టుకుని వరసలోకి వచ్చాడు.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు.

"కావాలనే తగ్గించా."

"తెలుస్తూనే ఉంది. ఇంకొంచెం వెయ్యి."

వడ్డించాక, వంటక్క బొడ్లోంచి నాలుగు క్యాలెండరు కాగితాలు తీసి ఆయన చేతిలో పెట్టింది. వెనక వైపు పెద్దపెద్ద అక్షరాలతో తనే రాసింది. వారం రోజులు పట్టింది. వంటంటే స్టవ్వు వెలిగించడం దాకానే తెలిసిన మనిషికి సులువుగా ఉండాలని కొట్టేసి మళ్ళీ రాసింది. మేస్త్రీ మొదటి కాగితం దూరంగా పట్టుకుని చదివాడు. 'బావా, పుట్టగొడుగులు కడగొద్దు, తుడువు. పెనం బాగా కాలాక వెయ్యి. కదపకు. నీకు ఓపిక లేదని తెలుసు, అయినా కదపకు. చిక్కుడు గింజలు రాత్రే నానబెట్టు. మర్చిపోతే ఆ రోజు వంకాయ కాల్చుకో, దానికి నిప్పు చాలు. నిప్పు సంగతి నీకు నేను చెప్పాలా.'

మిగతావి చదవలేదు. నాలుగూ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"బస్సు మూడింటికి" అన్నాడు.

"ఊఁ."

"వస్తా పిల్లా."

"చేరగానే ఫోన్ చెయ్యి బావా."

ఆయన తలూపి పళ్ళెం పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్ళాడు. వంటక్క అటు చూడలేదు. రెండో వాయి అన్నం దించాల్సిన టైమైంది, మనిషి వెళ్ళేది చూస్తూ నిలబడితే అన్నం మాడిపోతుంది.

మూడుంబావుకు హాలు ఖాళీ అయింది. వంటక్క తడిగుడ్డ పట్టుకుని బల్లలు తుడవడానికి వచ్చింది. ప్రతి బల్ల మీదా గిన్నె నిండా బెండ్లే. మధ్య బల్ల మీది గిన్నె ఒక్కటే ఖాళీగా ఉంది. దగ్గరికి వెళ్ళి చూసింది. అందులో ఇనుప పుల్ల ఉంది.

 మర్చిపోయాడనుకుంది. వాకిట్లోకి పరిగెత్తబోయి, మోకాళ్ళు సహకరించక బల్ల పట్టుకుని ఆగింది. బస్సు వెళ్ళిపోయి పావుగంటయింది.

"ఈ గిన్నె నువ్వు కడిగావా?" అని లోపల గిన్నెలు తోమే ఆవిడకు కేకేసింది.

"నేనెక్కడ కడిగానక్కా? మేస్త్రీయే పంపు దగ్గరికొచ్చి కడుక్కున్నాడు. ఆ పుల్ల కూడా సబ్బు పెట్టి తోమాడు. ఇటివ్వు నేను తోముతా అంటే ఇవ్వలేదు. తువ్వాలుతో తుడిచి మరీ పెట్టాడు."

ఆయన తన జన్మలో ఒక గిన్నె కడిగి ఎరగడు. వంటక్క కుర్చీ లాక్కుని ఆ బల్ల దగ్గరే కూర్చుంది. కిటికీలోంచి ఎండ బల్ల మీదికి వచ్చింది. తడి ఆరిన స్టీలు గిన్నె అడుగున, ముప్ఫై నాలుగేళ్ళు జేబులో అరిగిన ఆ ఇనుప పుల్ల, వంపు తిరిగిన కొస ఆవిడ వైపు ఉండేటట్టు పెట్టి ఉంది.