అక్తర్‌కు ఇచ్చిన సగం

మా ఆయన దేవ్‌సింగ్, అక్తర్ కేసముద్రం మార్కెట్‌లో ఇరవై రెండేళ్లు జోడీ హమాలీలు. జోడీ అంటే ఏమిటో ముందు చెప్పాలి. బస్తాను ఒకరు ఇటు, ఒకరు అటు పట్టి లారీ మీదికి ఎత్తాలి. ఒకరి చేయి జారితే రెండోవాడి నడుము పోతుంది. అందుకే జోడీ కలిసిన రోజున ఇద్దరూ ఒకే చాయిని రెండు సాసర్లలో పోసుకుని తాగుతారు. ఆనాటి నుంచి బీడీ అయినా, సద్దిలో మిరపకాయ అయినా చెరి సగం. మా తండాలో నేను రొట్టె కాలిస్తే అక్తర్ వాటా పక్కన పెట్టాల్సిందే. అతని ఇంట్లో సేమ్యా వండితే అతని భార్య బద్రున్నీసా మా గిన్నె ముందు నింపేది.

సకల జనుల సమ్మెకు వారం ముందు మక్కల బస్తా ఒకటి పైనుంచి జారి మా ఆయన మీద పడింది. పక్కటెముకలు రెండు విరిగాయి. మానుకోట దవాఖానలో డాక్టర్ గోళీలు రాశాడు. అట్ట మీద నిలువునా ఎర్రగీత. నాకు చదువు రాదు కానీ ఆ గీత గుర్తు పెట్టుకున్నాను.

"పెద్దాయనా, గివి గట్టి గోళీలు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. నొప్పి తగ్గకుంటె నా దగ్గరికి రావాలె గాని నీ అంతట నువ్వు ఇంకోటి మింగొద్దు. కల్లు బంద్. నిద్ర మత్తు ఉంటది, మలబద్ధకం అయితది, నీళ్లు బాగ తాగు. ఎవ్వరికీ ఇయ్యకు," అన్నాడు డాక్టర్.

మా ఆయన అన్నిటికీ తల ఊపాడు. కల్లు దగ్గర మాత్రం కొంచెం ఆలస్యంగా ఊపాడు. ఇంటికొచ్చి అట్టను కత్తిపీట మీద రోజుకు రెండు గోళీల లెక్కన ముక్కలు కోసి ఆయనకిచ్చాను.

మూడు రోజులు చెంబు పట్టుకుని పోయాడు, వచ్చాడు. పని మాత్రం కాలేదు.

"నీ రొట్టె రాయి లెక్కున్నది, సుక్కీ."

"ఇన్నేండ్లు తిన్న రొట్టె ఇయ్యాల రాయి అయిందా? డాక్టర్ ముందే చెప్పలే?" అని బొప్పాయి పండు కోసి ముందు పెట్టాను.

ఒక్కటే నాకు అర్థం కాలేదు. అట్ట లెక్క ప్రకారమే ఖాళీ అవుతోంది, నొప్పి మాత్రం తగ్గడం లేదు. ఒత్తిగిలినప్పుడల్లా మూలుగుతున్నాడు. మందులో బలం లేదనుకున్నాను. అంతకు మించి నా బుర్ర పోలేదు.

సమ్మె ఊపు మీదున్న రోజులవి. బస్సులు లేవు, మార్కెట్ మూసేశారు. ఒకనాడు హమాలీలు రోడ్డు మీదే వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా ఇటుకల పొయ్యిలు, పెద్ద గంజులో అన్నం. మేం ఆడవాళ్లం వంకాయలు కోస్తున్నాం. మా ఆయన నొప్పితోనే వచ్చి టెంటు గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. పొద్దున్నే నీళ్ల డ్రమ్ములు మోసిన అక్తర్ టెంటు కింద గోనెసంచుల మీద పడుకున్నాడు.

"అక్తర్ భాయ్, తెలంగాణ వచ్చినంకనే లేస్తవా ఏంది?" అన్నాడు హమాలీ గట్టయ్య. అందరం నవ్వాం.

"పడుకోనియ్యండి అన్నా. దగ్గుతోని వారం నుంచి కన్ను మూయలే," అంది బద్రున్నీసా.

అక్తర్‌కు దమ్ము, అంటే ఉబ్బసం ఉంది. నిద్రపోతే గొంతులో పిల్లనగ్రోవి మోగినట్టు ఉంటుంది. ఆ రోజు ఆ చప్పుడు లేదు. ఒక శ్వాస వచ్చింది. నేను వంకాయను నాలుగు ముక్కలు కోసి, ఇంకొకటి చేతిలోకి తీసుకున్నాక గానీ రెండోది రాలేదు. లేచి వెళ్లి చూశాను. పెదవులు నేరేడు పండ్లు తిన్నట్టు ఉన్నాయి. పిలిచాను, కుదిపాను, లేవలేదు. రెప్ప ఎత్తితే నల్లగుడ్డు మధ్య కంటిపాప ఆవగింజంత అయిపోయింది.

గట్టయ్య మజ్జిగ తెచ్చాడు. "గొంతుల పోయకు, ఊపిరికి అడ్డం పడ్తది! నూట ఎనిమిదికి ఫోన్ కొట్టు," అని అరిచి, అక్తర్‌ను పక్కకు ఒత్తిగిల్లేలా తిప్పాను. అతని జేబులోంచి ఒక అట్ట ముక్క జారింది. ఎర్రగీత. మా కత్తిపీట మీద నేను కోసిన ముక్కే.

మా ఆయన వైపు చూశాను. ఆయన వచ్చి తల వంచుకుని ఆ ముక్కను తన జేబులో వేసుకున్నాడు.

"నువ్వే ఇచ్చినవా? ఎవ్వరికీ ఇయ్యద్దన్నడు గదా!" అన్నాను బద్రున్నీసా చెవిన పడకుండా.

ఆయనా గొంతు తగ్గించాడు. "అక్తర్ ఎవ్వరో ఎట్లయితడే? నా జోడీ గదా. మోకాళ్లు గుంజుతున్నయంటె రోజూ నాది ఒకటి ఇచ్చిన. ఇయ్యాల డ్రమ్ములు మోసిండని రెండు ఇచ్చిన."

అంబులెన్స్ వచ్చి మా పొయ్యిల ముందు ఆగింది. ఉడుకుతున్న గంజును హమాలీలు తడి గోనెలు పట్టి ఒక్క ఊపులో ఎత్తి పక్కన పెట్టారు. మా ఆయన కూడా వంగబోయాడు. "బొక్కలు ఇరిగినోనివి, జరుగు!" అని గట్టయ్య నెట్టేశాడు.

నేనూ, మా ఆయనా, బద్రున్నీసా కూడా ఆ బండే ఎక్కాం. దారి పొడవునా అంబులెన్స్ వాళ్లు అక్తర్ మూతి మీద సంచి లాంటిది పెట్టి, దాన్ని నొక్కుతూ ఊపిరి అందిస్తూనే ఉన్నారు.

మానుకోట దవాఖానలో అదే డాక్టర్. "ఏం మింగిండు? జల్ది చెప్పుండ్రి."

బద్రున్నీసా సంచిలోంచి సీసా తీసి చూపించింది. "గీ దగ్గు మందు ఒక్కటే సార్. మీ అసొంటి డాక్టర్ సాబే రాసిచ్చిండు."

మా ఆయన ఆ సీసా వైపు చూశాడు. చెబితే బద్రున్నీసా మొహం ఇక చూడగలడా? నేను నోరు తెరిచేలోపే అట్ట ముక్క తీసి బల్ల మీద పెట్టాడు.

"నేనిచ్చిన సార్. పొద్దున రెండు. నన్ను తిట్టుండ్రి, ఆయన్ని బతికియ్యుండ్రి."

"సీసాల ఉన్నది గూడ గదే జాతి మందయ్యా. రెండూ కలిసినయ్, పైంగ దమ్ము మనిషి. ఊపిరి తీసుకునుడే మర్సిపోతడు. చెప్పినవు, మంచిగైంది," అంటూ డాక్టర్ లోపలికి పరుగెత్తాడు.

విరుగుడు సూది వేశారు. తలుపు దగ్గర నిలబడి చెవులు రిక్కించాను. కాసేపటికి ఆ పిల్లనగ్రోవి మళ్లీ మోగింది. నా పుట్టినింటి పాట విన్నా అంత సంతోషం కలిగేది కాదు. సూది బలం ముందు దిగిపోయి గోళీ బలం మిగలొచ్చని నర్సు సుమన తెల్లారేదాకా మంచం దగ్గరే ఉండి చూసింది.

కళ్లు తెరిచిన అక్తర్ మొదటి మాట: "అన్నం దించిండ్రా?"

బద్రున్నీసా ఏడుస్తూనే మా ఆయన వైపు తిరిగింది. "భయ్యా, రొట్టె ఇయ్యి, బీడీ ఇయ్యి. దవా మాత్రం ఇయ్యకు."

మా ఆయన మిగిలిన గోళీలు నా చేతిలో పెట్టాడు. నేను కొంగుకు ముడేసుకున్నాను. అప్పటి నుంచి పూటకొకటి నా కళ్ల ముందే మింగాడు. నయమయ్యాక మిగిలినవి తీసుకుపోయి సుమనకు అప్పజెప్పాను.

అక్తర్‌ను ఇంటికి పంపిన రోజు మా ఆయన దవాఖాన గేటు దగ్గర ఆగిపోయాడు.

"అక్తర్, నేను నీ జోడీకి పనికిరాను. ఇంకోణ్ణి చూసుకో."

అక్తర్ ఎదురుగా ఉన్న బండి దగ్గర ఒక్క చాయి తీసుకున్నాడు. రెండు సాసర్లు అడిగి చెరి సగం పోశాడు. ఒకటి మా ఆయన ముందుకు జరిపాడు.

"జల్ది తాగు. సల్లారితె గోళీ లెక్క నీ సగం గూడ నాకే ఇస్తవ్."