గడియ పెట్టిన గది

బరువులెత్తే ఇనప బార్ నా ఛాతీ మీద తిష్ఠ వేసింది. లేవనంటోంది.

వారం క్రితం వదిన అంది: "మోచేతులు అడ్డదిడ్డంగా ఊగుతున్నాయి. ముందు పద్ధతి కుదరనీ, తర్వాతే బరువు. పెంచితే వారానికి రెండున్నర కిలోలు, అంతే." ఆవిడ ఒకప్పుడు పోటీల్లో బరువులెత్తిన మనిషి, అననీ. కానీ అన్నయ్య ముందే అనాలా? ఆయన పకపకా నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు నుంచి వదినతో మాటల్లేవు. వెనక గదిలో దూరి, గడియ పెట్టుకుని, నా బరువులు నేనే ఎత్తుకుంటున్నాను.

ఇవాళ పంతం కొద్దీ ఒకేసారి పది కిలోలు పెంచాను. బార్‌కు తొడిగిన బరువు ప్లేట్లు జారకుండా రెండు వైపులా క్లిప్పులూ బిగించాను. బెంచీ మీద వెల్లకిలా పడుకుని బార్‌ను కిందికి దర్జాగానే దించాను. పైకి మాత్రం బెత్తెడు లేచి, మళ్ళీ మీద పడింది. క్లిప్పులు లేకుంటే ఒక పక్కకు వంచి ప్లేట్లు జార్చేసేదాన్ని. ఒంటరిగా ఉన్నప్పుడు క్లిప్పులు పెట్టొద్దని చెప్పింది కూడా ఆవిడే. ఏం చెప్పలేదు గనక!

పిలిస్తే పరువు పోతుంది. పిలవకపోతే నేనే పోతాను. తీసే ఊపిరి అంతకంతకూ చిన్నదైపోతోంది. భయం వేసింది, నిజంగా భయం వేసింది.

"వదినా!" పిల్లికూన గొంతు వచ్చింది.

వెంటనే బయట కుర్చీ కిర్రుమంది. తలుపు దడదడలాడింది.

"గడియ తియ్యవే!"

"బార్... కింద ఉన్నా."

తలుపు దడదడ ఆగింది. తర్వాత వదిన గొంతు నిదానంగా వినిపించింది. "పైకి నెట్టకు. పొట్ట బిగించు. కాళ్ళ వైపు దొర్లించు. మెడ వైపు మాత్రం రానివ్వకు. ఊఁ, కొంచెం కొంచెంగా."

దొర్లించాను. పక్కటెముకలు దాటి పొట్ట మీదికి వచ్చేసరికి ప్రాణం పోయినంత పనైంది. తొడల మీదికి చేరగానే లేచి కూర్చున్నాను. బార్‌ను నేల మీదికి దించి, గోడ పట్టుకుంటూ వెళ్ళి గడియ తీశాను.

తిట్లు తినడానికి తల వంచుకున్నాను. గుమ్మం పక్కనే కుర్చీ, దాని మీద మడత పెట్టిన బట్టల దొంతర. సగం మడిచిన నా చొక్కా నేల మీద పడి ఉంది.

"ఇక్కడ కూర్చుని మడతలేంటి వదినా?"

"నువ్వు గడియ పెట్టుకున్న రోజు నుంచీ ఇక్కడే. ప్లేట్లు సర్దేసిన చప్పుడు వినపడ్డాకే లేస్తున్నా."

వదిన లోపలికి వచ్చి ముందు ఆ క్లిప్పులు తీయబోయింది. ఎంతకీ రాలేదు. ఆవిడ చేతులు నా చేతులకన్నా ఎక్కువ వణుకుతున్నాయి.