టిచ్ బటన్ల చొక్కా

గురునాథరావు చొక్కాలన్నిటికీ కన్నమ్మ టిచ్ బటన్లు కుట్టింది. పైన బొత్తాలు అలాగే ఉంచి, కాజాలు మూసేసి, లోపలి వైపు నొక్కుడు బటన్లు పెట్టింది. చూసేవాళ్లకు తేడా తెలియదు. ఆయన మొదటిసారి ఆ చొక్కా తొడుక్కుని పట్టీ మీద వేలు పెట్టగానే టిక్కున పడింది. ఆమె వైపు చూశాడు. ఆమె పోపు వేస్తోంది. ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

అంతకు కొన్ని వారాల ముందు నుంచి ఆయన చెంచాతో అన్నం తింటున్నాడు. అదేమంటే, "ఆఫీసర్లు తినరేటి?" అన్నాడు. చేతులకు తిమ్మిరి అని మాత్రం అనలేదు.

భిలాయి ఉక్కు కర్మాగారంలో ఆయన రిటైరయ్యేదాకా క్రేన్ నడిపాడు. క్రేన్ వాళ్లకు ఏటా వైద్య పరీక్ష ఉండేది. ఇబ్బంది ఉందన్నవాడిని కిందికి దింపేసేవారు. అందుకని డాక్టరు ఏమడిగినా "ఏటీ లేదు సార్" అనడం అందరికీ అలవాటు. ముందు వెళ్లొచ్చినవాడు కళ్ల పరీక్ష బోర్డు మీది అక్షరాలు వెనకవాళ్లకు చెప్పేవాడు. వాళ్లు క్యాంటీన్లో టీ తాగుతూ వాటిని వల్లించేవారు.

ఇప్పుడు ఆయనను దింపడానికి క్రేన్ లేదు, స్కూటరు ఉంది. సాయంత్రమైతే కన్నమ్మను వెనక కూర్చోబెట్టుకుని సెక్టర్ 4 నుంచి క్యాంప్ 1లో ఉన్న తన చెల్లెలు గున్నమ్మ ఇంటికి టీకి వెళ్తాడు. డాక్టరు ఆ స్కూటరు ఆపేస్తాడని ఆయన భయం.

మెడ పట్టేసిందని ప్లాంటు ఆసుపత్రికి వెళ్తే, అక్కడ ఎమ్మారై తీయించి, రాయ్‌పూర్‌లో పెద్ద డాక్టరుకు చూపించమన్నారు. ఈలోగా పాత క్రేన్ మనిషి సూర్యప్రకాష్ వచ్చాడు. అతనికి మెడ ఆపరేషన్ అయింది. డాక్టర్లు పరీక్షలో ఏమేం చేయిస్తారో పూసగుచ్చినట్టు చెప్పి వెళ్లాడు. మర్నాటి నుంచి గురునాథరావు పెరట్లో పిడికిలి మూసి తెరవడం, గోడ వారన అడుగు వెనక అడుగు వేసుకుంటూ నడవడం మొదలుపెట్టాడు.

"ఏటి మావా, పిటీ పెరేడా?" అంది కన్నమ్మ వంటింటి కిటికీలోంచి.

"గాలికి తిరుగుతున్నానే."

రాయ్‌పూర్ డాక్టరు పేరు ఛాయ. ప్లాంటు ఆఫీసరు కూతురు, భిలాయిలోనే పెరిగింది. ఆమె తెలుగు సగం దూరం వెళ్లి హిందీలోకి మళ్లుతుంది.

"మెడలో వెన్నుపాము నొక్కుకుంది అంకుల్. నొక్కు ఉందని ఈ ఫిల్మ్ చెప్తోంది. లోపల నరాల దారాలు ఖరాబ్ అయ్యాయా లేదా, ఇందులో తెలీదు. పిడికిలి మూసి తెరవండి. జల్దీ జల్దీ."

ఆయన మూసి తెరిచాడు. గీత మీద నడిచాడు. చొక్కా బొత్తాలు విప్పి పెట్టుకోమంటే, ఆమె చూపు కంప్యూటరు మీదికి వెళ్లి వచ్చేలోపు పెట్టేసుకున్నాడు.

"బఢియా అంకుల్!"

కన్నమ్మకు ముందు గర్వంగా అనిపించింది. తర్వాత ఆయన చొక్కా పట్టీ వైపు చూసి తల దించుకుంది.

"ఇంకో రకం ఎమ్మారై చేద్దాం," అంది ఛాయ. "దారాల్లో నీళ్లు ఎటు కదులుతున్నాయో చూస్తుంది. దారం బాగుంటే నీళ్లు దాని వెంటే పోతాయి. దెబ్బతింటే పక్కలకు చెదురుతాయి."

బయటికొచ్చాక గురునాథరావు గొణిగాడు. "దీని సంగతి సూర్యప్రకాష్ చెప్పలేదే."

"నీళ్లకి కూడా ప్రాక్టీసు చేయిస్తావేటి?"

స్కానింగు రోజున, ఆ మిషను పెద్ద అయస్కాంతమని చెప్పి, కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా అని అడిగారు. ప్లాంటు మనిషి అనగానే కళ్లకు ఎక్స్‌రే తీశారు. ఏమీ లేదన్నాక ఆసుపత్రి గౌను ఇచ్చారు. దానికి వెనక తాళ్లు. ఆయన కన్నమ్మకు వీపు తిప్పి నిలబడ్డాడు. ఆమె ముడి వేసింది. ఆయన లోపలున్నంతసేపూ చొక్కా ఒళ్లో పెట్టుకుని, బటన్లు ఒక్కొక్కటీ తెరుస్తూ మూస్తూ కూర్చుంది.

"కదలొద్దన్నారు. గుటక కూడా మింగొద్దట," అన్నాడు ఆయన బయటికొచ్చి. "క్రేన్ కేబిన్ కన్నా నయమే. కిందనుంచి ఎవడూ అరవలేదు."

రిపోర్టు వచ్చాక ఛాయ చాలాసేపు తెర చూసింది.

"దారాలు దెబ్బతింటున్నాయని స్కాన్ చెప్తోంది. అంకుల్ చేతులు మాత్రం ఏక్‌దమ్ ఫిట్. రెండూ కలవట్లేదు. స్కాన్ ఒక్కదాన్నే పట్టుకుని నేను మెడ కొయ్యను. ఇబ్బందేమీ లేకపోతే ఆర్నెల్లు ఆగి చూద్దాం."

"ఇబ్బందుండి ఆగితేనో తల్లీ?" అంది కన్నమ్మ.

"ఆగకూడదు ఆంటీ. చేతుల తర్వాత కాళ్లు. పోయింది మళ్లీ రాకపోవచ్చు."

"నాకేటీ లేదమ్మా," అన్నాడు గురునాథరావు. అని, భార్య వైపు చూశాడు.

కన్నమ్మ లేచింది. ఆయన కాలరు దగ్గర రెండు చేతులూ వేసి లాగింది. చొక్కా పైనుంచి కిందిదాకా టకటకా ఊడి, లోపలి బనియను బయటపడింది.

"ఏటే ఇది! పిచ్చెక్కిందేటే నీకు?"

"ఈ బొత్తాలు నాను కుట్టినాను తల్లీ. ఆ రోజు పాసయ్యింది ఈయన కాదు, నా సూది. పిడికిలీ నడకా పెరట్లో నేర్చుకున్నాడు. అన్నం చెంచాతో తింటన్నాడు. నానూ నోరు మూసుకున్నాను."

ఛాయ పట్టీ తిరగేసి చూసింది. నవ్వు ఆపుకోలేకపోయింది. తన తెల్లకోటు విప్పి ఆయన ముందు పెట్టింది.

"దీని బొత్తాం పెట్టండి అంకుల్."

బొత్తాం కాజా పక్కనుంచి జారింది. మళ్లీ జారింది. ఆయన కోటు బల్ల మీద పెట్టేశాడు.

"బండి మానీమంటారా అమ్మా?"

"ఇవాళే మానాలి. గతుకులో పడితే ఆ మెడ తట్టుకోదు. ఆపరేషన్ ఇక ఆపొద్దు. ఉన్నది నిలబడుతుంది. పోయిందాంట్లో కొంత వస్తే మన అదృష్టం."

"మరి గున్నమ్మ ఇంటికి?"

"ఊళ్లో బండి తోలగలిగేది నువ్వొక్కడివేనేటి? నాను నేర్చుకుంటాను," అంది కన్నమ్మ.

తిరుగు ప్రయాణంలో దారి మధ్యన కుమ్హారి అనే ఊరొచ్చింది. అది దాటాక ఆయన జేబులోంచి స్కూటరు తాళం తీసి ఆమె ఒళ్లో పడేశాడు. "క్లచ్ గట్టిగుంటాది. చూసుకో."

ఆపరేషన్ అయింది. మెడపట్టీ కొన్నాళ్లు పెట్టుకుని తీసేశాడు. ఆయన బండి వెనక కూర్చోవచ్చని డాక్టరు చెప్పేసరికి కన్నమ్మ సెక్టరు గ్రౌండులో రెండుసార్లు పడి లేచి బండి నేర్చుకుంది. ఒక చొక్కాకు టిచ్ బటన్లు ఊడదీసి, మూసిన కాజాలు తెరిచింది. సాయంత్రాలు ఆయన ఆ చొక్కాయే వేసుకుంటాడు. ఆమె గేటు దగ్గర స్కూటరు స్టార్టు చేసి ఎదురుచూస్తుంది.

"వచ్చీ మావా! గున్నమ్మ టీ చల్లారిపోతాది."

"క్రేన్ మీదున్నోణ్ని తొందరపెట్టకూడదే."

ఆమె నవ్వింది, దిగి వెళ్లలేదు. ఆయన కింది బొత్తాలు పెట్టుకున్నాడు. పైది రాలేదు. దాన్నలాగే వదిలేసి వచ్చి వెనక కూర్చుని ఆమె భుజం పట్టుకున్నాడు. వేళ్లు బిగిసేదాకా ఆగి, కన్నమ్మ బండి కదిపింది.