హెండ్రినా పేరు పక్కన రాసిన ఏడాది

నేను ఒక ఇంటి బైబిల్ని. ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయ్యాను. బట్టల వ్యాపారానికి బయల్దేరిన డచ్చివాడు యాకోబ్ ఫాన్ లోన్ పెట్టెలో ఓడెక్కి, కాకినాడ జగన్నాథపురంలో దిగాను. ఇంట్లో పుట్టుకలూ పెళ్లిళ్లూ చావులూ నా మొదటి తెల్లకాగితం మీదే రాసుకునేవాళ్లు. నా మీద చెయ్యిపెట్టి నిజమే చెబుతామని ఒట్టేసే మనుషులు నాలోనే ఒక అబద్ధం రాశారు.

యాకోబ్ పెద్దకూతురు హెండ్రినా. పద్దెనిమిదో ఏట ఆమెకు మరెవరికీ వినపడని గొంతులు వినపడసాగాయి. ఒకరోజు విందు మధ్యలో లేచి వాటికి గట్టిగా జవాబు చెప్పింది. అతిథులు వెళ్లాక తండ్రి ఆమెను మేడ మీది గదిలో పెట్టి గొళ్లెం వేశాడు. కొన్నాళ్లకు నన్ను తెరిచి, ఆమె పేరు పక్కన సిలువ గీసి, 1822 అని రాశాడు. బందరులో జ్వరంతో పోయిందని ఊరందరికీ చెప్పాడు. నేను కాగితాన్ని. రాసింది మోయడం తప్ప నాకేం చేతనవుతుంది?

హెండ్రినా చెల్లెలు కాతరీనా సంతతిలో చేతులు మారుతూ చివరికి గ్లోరియా దగ్గరికి చేరాను. ఆవిడ కాకినాడలోనే స్కూలు టీచరు. అప్పటికి ఆ ఇంట్లో డచ్చి మాట ఒక్కటీ మిగల్లేదు.

గ్లోరియా కూతురు షారన్ ఇరవయ్యో ఏట కాలేజీ మానేసి, గోడలతో మాట్లాడటం మొదలుపెట్టింది. వైజాగ్‌లో చదువుకుంటోందని గ్లోరియా ఇరుగుపొరుగుకు చెప్పి, పిల్లను వెనకగదిలోనే ఉంచింది. గుట్టుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, వంశంలో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉందా అని ఆయన అడిగాడు. లేదంది. కానీ ఇంటికొచ్చాక మనసు ఊరుకోక నన్ను తెరిచింది.

నాలో పేర్లూ ఏళ్లే ఉన్నాయి; ఎవరు దేనితో పోయారో తెలుసుకోవడానికి నన్ను సంచిలో పెట్టుకుని చర్చికి వెళ్లింది. సమాధుల రిజిస్టరులో 1822లో హెండ్రినా లేదు. గుమాస్తా అబ్రహాం గారు ఓపిగ్గా పేజీలు తిప్పుతూ పోయి ఒకచోట ఆగారు.

“ఇక్కడుందమ్మా. 1841. వయసు ముప్పై ఎనిమిది.”

పక్కన పాదిరి ఇంగ్లీషులో రాసిన మాటలు గ్లోరియా తనే చదువుకుంది: మతి స్థిమితం లేదు, పందొమ్మిదేళ్లుగా తండ్రి ఇంట్లో గది దాటలేదు.

నన్ను మళ్లీ సంచిలో పెట్టుకుని ఇంటిదారి పట్టింది. ఇంటికొచ్చేసరికి పక్కింటి సత్యవేణి గుమ్మంలో ఉంది. అమ్మాయి వైజాగ్ నుంచి ఎప్పుడొస్తుందని అడిగింది.

“వెళ్లలేదు సత్యవేణి గారూ. ఇంట్లోనే ఉంది. ఒంట్లో బాగాలేదు. నేనే అబద్ధం చెప్పాను.”

ఆ మాట అన్నాక గ్లోరియా నేరుగా వెనకగదిలోకి వెళ్లి, నన్ను మంచం మీద పెట్టి, హెండ్రినా సంగతంతా కూతురికి చెప్పింది. షారన్ ఆ పేరు మీద వేలు పెట్టి విన్నది.

“అన్నేళ్లూ ఆమెతో ఎవరైనా మాట్లాడేవాళ్లా అమ్మా?”

జవాబులో సగం నా దగ్గర ఉంది. కాతరీనా రోజూ ఆ తలుపు బయట కూర్చుని, లోపలున్న అక్కకు వినపడేలా నన్ను చదివేది. ఎనిమిదేళ్లు చదివింది. తర్వాత పెళ్లయి వెళ్తూ నన్ను వెంట తీసుకుపోయింది.