ఎడమ చేతి వైపు

ఆంబ్రోజ్ మళ్ళీ అక్క ఇంటి గడప తొక్కేసరికి మోకాళ్ళు పట్టేశాయి. నిన్న చెప్పింది తప్పు. ఆ సంగతి చెప్పడానికే వచ్చాడు.

మేనకోడలు జెర్మేన్ వంటింటి బల్ల మీద సరస్సు పటం పరిచి ఉంచింది. తమ తెగ డెనె వాళ్ళు తరతరాలుగా పెట్టుకున్న పేర్లన్నీ దాని మీద రాసి, బాట వేసేవాళ్ళకి మధ్యాహ్నం విమానంలో పంపాలి. నీళ్ళు గడ్డకట్టాక సరస్సు మీదుగా లారీల బాట పడుతుంది. తెల్లచేప గుడ్లు పెట్టే నీటడుగు మెరక పటంలో కనబడితే బాట పక్కకి జరుపుతారు. కనబడకపోతే దాని మీంచే పోతారు. ఆ మెరక ఎరిగినవాళ్ళలో మిగిలింది ఆంబ్రోజ్ ఒక్కడే.

"గుడ్లమెరక అక్కడ కాదు," అన్నాడు కూలబడుతూ. "అవతలి ఒడ్డు."

"ఎడమ చేతి వైపని నువ్వే కదా మామా వేలు పెట్టావు."

"ఎడమ చేతి వైపే."

అక్క రోసలీ పొయ్యి దగ్గర్నుంచి తిరిగి చూడలేదు. "డెబ్బై దాటినా వీడికి ఏ చేత్తో తింటాడో తెలీదు."

ఆంబ్రోజ్‌కి అసలు సంగతి పొద్దున వలలు మడత పెడుతుంటే తట్టింది. నాన్న పడవలో ఎప్పుడూ ఉత్తరాన నది దగ్గర మొదలుపెట్టి ఊరికి దిగి వచ్చేవారు. దిగి వచ్చేవాడికి ఎడమ, కాగితం మీద కుడి.

జెర్మేన్ పటాన్ని తలకిందులు చేసింది. "ఇప్పుడు చూపించు."

చూశాడు. ఏనాటి మంచో గోళ్ళతో గీరినట్టు సరస్సు పాయలన్నీ ఒకే దిక్కుకి పడున్నాయి. అన్నీ ఒకేలా ఉన్నాయి.

"దీన్నెవరో ఆకాశంలోంచి చూశారు. నేనెప్పుడూ అక్కడికి పోలా."

"అయితే తెడ్డు వేసుకుంటూ రా," అని రోసలీ పొడుగాటి గరిటె అతని ఒళ్ళో పడేసింది, వెటకారానికే.

అతను అందుకున్నాడు. కళ్ళు మూసుకుని కుర్చీ పక్కన గాలిలో ఓ తెడ్డు వేశాడు.

"నది నోరు." మరో పది తెడ్లు. "దుప్పులు ఈదే చోటు. ఇసుకగట్టు తోక. లూయీ పడవ పగిలిన రాయి."

జెర్మేన్ పెన్సిల్ వెనకాలే నడిచింది. అతను చెయ్యి మార్చాడు.

"నొప్పా మామా?"

"ఇక్కడ సుడి ఉంది."

రోసలీ పొయ్యి మంట తగ్గించింది. చెవి ఒగ్గింది.

ఇంకో మూడు పేర్లయ్యాక గరిటె ఆగింది. "అడుగున గులకరాళ్ళు తెడ్డుకి తగులుతున్నాయి. ఇదే. ఎడమ పక్క."

జెర్మేన్ నిన్నటి గుర్తు చెరిపి, తూర్పు ఒడ్డున గుండ్రంగా గీసి పేరు రాసింది.

"ఊరిదాకా మిగతావి కూడా చెప్పు మామా."

"ముందు పెద్దనీళ్ళు దాటాలి. ఎదురుగాలి."

"వంటింట్లో గాలేంట్రా," అంది రోసలీ, టీ మగ్గు అతని ముందు పెడుతూ.

"ఇక్కడ దిగి టీ కాచుకుంటాం."

"అదీ పేరేనా?" జెర్మేన్ పెన్సిల్ ఎత్తింది.

"పేరు కాదమ్మా. చేతులు లాగేస్తాయి. ఆగుతాం."

విమానానికి ఇంకా రెండు గంటలుంది. జెర్మేన్ పెన్సిల్ కింద పెట్టి తనూ టీ పోసుకుంది.