తల్లీ బిడ్డా క్షేమం

జర్మనీ కైజరు సంధి అడిగిన వార్త సగం కూర్చేసరికి లవీనియా క్రౌచ్ వేళ్ళకు అక్షరాల కేసులో గడి అడుగు తగిలింది. పెద్ద 'ఎం' అయిపోయింది. ఎడమచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు అలాగే పట్టుకుని, కుడి బొటనవేలితో ఖాళీ గడిని తడిమి చూసింది. ఆ వేలి గోరు ఏనాడో నల్లబడింది. అక్షరాలు నొక్కీ నొక్కీ వేలి చివర చెంచాలా పల్లం పడింది.

"అమోసూ, ఎమ్ములన్నీ ఎక్కడికి పోయాయి?"

"ఎక్కడికి పోతాయి, చచ్చినోళ్ళ దగ్గరున్నాయి," అన్నాడు అమోస్ టిబెట్స్, అచ్చు మిషను కింద పడుకుని నూనె పోస్తూ. "మేయర్లూ, మర్ఫీలూ, మెకాలేలూ... ఈ వారం కట్టకట్టుకుని పోయారు."

"సరే, సంధి వార్త రెండు ముక్కలు తగ్గించుకుంటాలే. కైజరు ఏమన్నా అనుకుంటే అనుకోనీ."

పంతొమ్మిది వందల పద్దెనిమిది అక్టోబరు నెల అలాంటిది. యుద్ధం ఇక ముగిసినట్టేననీ, మిన్నెసోటాలో అడవులంటుకుని ఊళ్ళకు ఊళ్ళే బూడిదయ్యాయనీ వార్తలు మోసుకొచ్చిన రైల్లోనే ఇన్‌ఫ్లుయెంజా కూడా మా ఊరి స్టేషన్లో దిగింది. పెన్సిల్వేనియా అంతటా బళ్ళు, చర్చిలు, సారాకొట్లు మూయించారు. సారాకొట్ల కోసం ఏడ్చినంతగా చర్చిల కోసం ఎవరూ ఏడవలేదని అమోస్ మొదట్లో నవ్వించేవాడు. తరవాత ఆ మాట అనడం మానేశాడు. బడిపిల్లల బల్లల చెక్కతో శవపెట్టెలు కొడుతున్న రోజులవి.

లవీనియా ముక్కుకు గాజుగుడ్డ మాస్కు, మెడలో కర్పూరం సంచి. బక్కపలచని మనిషి. భర్త పోయినప్పటి నుంచీ ఆ కిటికీ పక్కన ఆ కేసు ముందే నిలబడి బతికింది. నిలబడీ నిలబడీ ఎడమ తుంటి కాస్త పక్కకు ఒరిగింది. మా ఊళ్ళో పుట్టినవాళ్ళూ పెళ్ళయినవాళ్ళూ పోయినవాళ్ళూ ఆమె వేళ్ళ మీదుగానే పత్రికలోకెక్కారు. వీధిలో ఎదురైతే మాత్రం ఆమె ఎవరో సగంమందికి తెలియదు.

ఆ రోజు తెల్లవారేసరికే ఆమెకు మోకాళ్ళ కింది ఎముకలు సలపడం మొదలైంది. తరవాత కంటిగుంటల వెనక నొప్పి. అదేమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వారం వారం అదే వరస ఆమే కూర్చింది: పొద్దున ఒళ్ళు నొప్పులన్నాడు, సాయంత్రానికి మంచమెక్కాడు, ఆదివారానికి పోయాడు. అందుకే ఇంట్లో పడుకోకుండా ఇక్కడికొచ్చింది. అమోస్‌కు వేసవికి ముందే ఈ జబ్బు వచ్చిపోయింది. పత్రిక యజమాని హస్కెల్ గారు మొన్ననే మంచం దిగారు. ఊరంతటిలో తన ఊపిరి తగిలినా ఫరవాలేని మనుషులు ఈ ఇద్దరే.

వంతెన అవతల ఆమె కూతురు డెలియా ఇవాళే నొప్పులు పడుతోంది.

డెలియా తొలిచూలు బిడ్డ చచ్చి పుట్టింది. ఆ రోజు లవీనియా పక్కనే కూర్చుని కూతురి చెయ్యి వదలకుండా పట్టుకుంది. ఈసారీ రావాలని డెలియా వేసవి నుంచీ ఒట్టేయించుకుంటోంది. నిండుచూలాలికి ఈ జ్వరం తగిలితే తల్లిని ఒక పెట్టెలో, బిడ్డను అదే పెట్టెలో తల్లి చంకలో పెట్టి పూడుస్తున్నారు. అలాంటివి కూడా లవీనియా వేళ్ళ మీదుగా వెళ్ళాయి.

పొద్దెక్కాక అల్లుడు వార్డ్ వచ్చాడు. రైల్వే యార్డులో పనివాడు. పరిగెత్తుకు వచ్చినట్టున్నాడు, టోపీ లేదు.

"అత్తా, ఇంకా ఇక్కడే ఉన్నావా? పొద్దున్నే కబురు పంపాం కదా!"

"అక్కడే ఆగు. లోపలికి రాకు."

"నేనేమన్నా తాగొచ్చానా?"

"సిరా ఆరలేదు, తొక్కుతావు." లవీనియా కూర్చిన పేజీల ఫారాలు బిగించే రాతిబల్లకు అవతలివైపుకు జరిగింది. "గురువారం, నాయనా. ఇవాళ ఫారం బిగించకపోతే రేపు పత్రిక లేదు."

"పత్రికా?" వార్డ్ ద్వారబంధం పట్టుకున్నాడు. "అక్కడ అది గోడ గీరుతోంది. అమ్మేది, అమ్మేది అని ఒకటే గోల. నీకు కూతురికంటే ఈ సీసం ముక్కలు ఎక్కువయ్యాయా?"

"గ్రూబరమ్మ ఉందిగా. చేయి తిరిగిన మంత్రసాని. నేనొచ్చి చేసేదేముంది?"

"ఆ మాటే దాంతో చెప్పనా?"

లవీనియా స్టిక్కులో అక్షరం పెట్టింది. అది తలకిందులుగా పడింది. "చెప్పు. అమ్మకు పనుందిట అని చెప్పు."

వార్డ్ ద్వారబంధం వదిలాడు. "మా అమ్మ బతికుంటే పాక్కుంటూ అయినా వచ్చేది," అని ఉమ్మేసి వెళ్ళిపోయాడు.

అమోస్ మిషను కింద నుంచి బయటికొచ్చాడు. చేతులు తుడుచుకుంటూ, "ఇంత రాయివనుకోలేదు లవీనియా," అన్నాడు.

"ఇప్పుడనుకో."

జ్వరమని చెబితే వార్డ్ దాచలేడు. డెలియా నొప్పులు మరిచి తల్లి కోసం ఏడుస్తూ కూర్చుంటుంది. కిందటిసారీ అలాగే భయపడి నీరసించిపోయింది. కోపమైతే వేరు. కోపమొస్తే డెలియా పళ్ళు బిగిస్తుంది, పిడికిళ్ళు బిగిస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే. ఆడదానికి ప్రసవంలో కావలసిన బలం ప్రేమలోంచే రావాలని ఏముంది?

మధ్యాహ్నం హస్కెల్ గారు కర్ర ఊతతో వచ్చి, మరణాల కాలమ్ రెండో పేజీలోకి పొంగిందని చూసి, "జననాలెన్ని?" అని అడిగారు.

"మూడు. నాలుగోది రావాలి."

"మనవాళ్ళదేనా?"

"మనవాళ్ళదే."

"సరే, ఆగుదాం," అని ఆయన కుర్చీలో కూలబడ్డారు. ప్రెస్సులో పనిచేసేవాళ్ళ ఇంట్లో బిడ్డ పుడితే ఆ కబురు వాళ్ళ చేత్తోనే కూర్చుకోవాలనీ, అప్పటిదాకా ఫారం బిగించకూడదనీ మా పత్రికలో ఒక ఆనవాయితీ. హస్కెల్ గారి కూతురు పుట్టిన వారం ఎన్నికల ఫలితాలే ఆపారు.

లవీనియా అడవి మంటల వార్త మొదలుపెట్టింది. తడిబట్టలు కప్పుకుని చెరువులోకి దిగినవాళ్ళ సంగతి కూర్చుతుంటే ఆమె ఒళ్ళు ఒకసారి మండింది, ఒకసారి వణికింది. చెమట మాస్కులోకి కారింది. స్టూలుందని అమోస్ చూపించాడు. కూర్చుంటే మళ్ళీ లేవలేనని ఆమెకు తెలుసు.

ఎండ కేసు మీంచి దిగి నేల మీదకు జారాక వీధిలోంచి కేక వినిపించింది. వార్డ్ ఈసారి గడప దగ్గరికి కూడా రాలేదు.

"ఆడపిల్ల! ఇద్దరూ బాగున్నారు!"

లవీనియా కిటికీ దగ్గరికి వెళ్ళింది, అద్దం మాత్రం ఎత్తలేదు. "ఏడ్చిందా?" అని లోపలి నుంచే అరిచింది.

"ఎవరు, నీ కూతురా?"

"బిడ్డ!"

"వీధంతా వినబడేలా!" వార్డ్ నవ్వబోయి ఆపుకున్నాడు. "నీకు చెప్పొద్దంది డెలియా. నేనే వచ్చా. ఇకముందు కూడా నిన్ను రావద్దంది."

"సరే," అంది లవీనియా. "మంచిమాట. పట్టుదల గల పిల్ల."

అల్లుడు వెళ్ళేదాకా నిలబడి, కేసు దగ్గరికొచ్చి స్టిక్కు తీసుకుంది. పుట్టిన బిడ్డ ఎవరి తాలూకో తెలియాలని మా ఊళ్ళో అమ్మమ్మ పేరు కూడా వేస్తారు. 'తల్లీ బిడ్డా క్షేమం' అన్న వరస ఎప్పుడూ కట్టి సిద్ధంగా ఉంటుంది. ఆమె పైమాటలు కూర్చి, దాన్ని కింద చేర్చి, గాలీ పళ్ళెంలోకి జార్చింది. అమోస్ సిరా రుద్ది ప్రూఫు తీశాడు. కళ్ళజోడు పైకి తోసుకుని చదివాడు.

"'వార్డ్, డెలియా హాలొవేలకు గురువారం ఆడపిల్ల. కీర్తిశేషురాలు లవీనియా క్రౌచ్‌కు మనవరాలు...' ఓసి పిచ్చిదానా! నిన్ను నువ్వే చంపుకున్నావు!"

నెల పొడుగునా పేరు ముందు ఆ మాట పెట్టీ పెట్టీ, ఇప్పుడు పేరు కనబడగానే వేళ్ళు వాటంతటవే వెళ్ళి ఆ మాటను ఏరుకొచ్చాయి. ఏ కంపోజిటరైనా చేసే తప్పే. లవీనియా ప్రూఫు చేతిలోకి తీసుకుని చూసింది. కోప్పడలేదు. భయపడలేదు. తన పని తప్పా ఒప్పా అని ఎప్పుడూ చూసుకునేటట్టే చూసుకుంది.

"తీసెయ్," అంది. "ఇవాళ్టికి తప్పే."

కాగితం అందుకోబోయిన అమోస్‌కు ఆమె వేళ్ళు తగిలాయి. పొయ్యి మీద పెనం తాకినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎప్పట్నుంచి?"

"పొద్దున్నుంచి."

"మరి వాడు అన్ని మాటలంటుంటే నోట్లో మన్ను పోసుకున్నావా! నేనూ ఒక మాటన్నానే..."

"డెలియాకు పాలు పడేదాకా నువ్వూ పోసుకో," అంది లవీనియా. "బిడ్డ చన్ను పట్టేదాకా. ఒట్టెయ్యి."

అమోస్ ఒట్టేశాడు. సూదిమొన ఆరతో ఆ మాటను మెల్లగా పెకలించి, చెదరకుండా దారంతో చుట్టి కిటికీ గట్టున పెట్టాడు. వరస బిగియడానికి ఆ జాగాలో అచ్చు పడని ఖాళీ ముక్కలు దూర్చాడు. మళ్ళీ కూర్చి సర్దే ఓపిక లవీనియాకు లేదు, ఆమె ముందు సర్దే ధైర్యం అతనికి లేదు.

అతనే ఆమెను ఇంటికి నడిపించాడు. పత్రిక శుక్రవారం ఇళ్ళకు చేరింది. ఆదివారం చర్చి గంటలు మోగని ఉదయాన, అమోస్ కాఫీ కాచి తెచ్చేసరికి లవీనియా పోయింది. గుంపు కూడరాదని ఆజ్ఞ కనక, పూడ్చేటప్పుడు గోతులు తవ్వేవాడూ అమోసూ మాత్రమే ఉన్నారు.

తరవాతి వారం వార్డ్ ప్రెస్సుకు వచ్చాడు. ఈసారి గడప దాటి లోపలికొచ్చి, స్టూలు మీద కూర్చున్నాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నిన్న పాలు పడ్డాయి," అన్నాడు. "ఇవాళ చెప్పాం, పోయిందని."

"ఏమంది?"

"ఏడవలేదు. పత్రిక తెమ్మంది. బిడ్డ కబురు చదివి, అమ్మ పేరు ముందు ఈ ఖాళీ ఏమిటి అంది. అమ్మ ఎప్పుడూ ఇలా పళ్ళూడిన వరస వదలదే అంది. అడిగి రమ్మంది." వార్డ్ తలెత్తాడు. "ఏముంది మామా అక్కడ? ఆ రోజే ఆమెకు... మేం అన్ని మాటలన్నాక..."

అమోస్ కేసు వైపు తిరిగి, ఏ అక్షరమూ తీయకుండా వేళ్ళు కదిపాడు.

"ఆ రోజే జ్వరం. మీకు తగలకూడదని రాలేదు. అది చెప్పు డెలియాకు. నేను ఆమెకేసిన ఒట్టు నిన్నటితో తీరింది."

"ఆ ఖాళీ?"

"టైపు చాల్లేదు," అన్నాడు అమోస్.

వార్డ్ వెళ్ళాక హస్కెల్ గారు వచ్చి, మళ్ళీ అక్షరాలు తక్కువయ్యాయనీ, కిటికీ గట్టున ఊరికే పడున్నవి విప్పి గడుల్లో వేసెయ్యమనీ అన్నారు. అమోస్‌కు వినబడలేదు. దారం చుట్టిన ఆ సీసపు మాట, అద్దంలోలా వెనక్కి తిరిగి, ఎండ తగిలినవైపు మెరుస్తూ, ఏ పేరుకూ ముందు లేకుండా అక్కడే నిలబడి ఉంది.